బాలెనో డిక్కీలో ఫాల్స్ ఫ్లోర్: ప్లై ఎంత మందం ఉండాలి, కాళ్లు ఎక్కడ ఆనించాలి?

బెజవాడ_బాలెనో

అందరికీ నమస్కారం. బండి 2019 బాలెనో, పెట్రోల్. వెనక సీటు మడిస్తే సీటు వీపుకీ డిక్కీ నేలకీ మధ్య 17 సెంటీమీటర్ల మెట్టు వస్తోంది. పొడవాటి సామాను పెడితే సగం గాల్లో ఉంటుంది. డిక్కీ అంచు లోపలి నేలకి 19 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి వాటర్ క్యాను ఎత్తి లోపలికి దించాలన్నా నడుం పట్టేస్తోంది.

ఈ మెట్టు పోయేలా చెక్కతో పైన ఒక ఫ్లోర్ చేయించాలని ఉంది. కింద మిగిలే చోటులో టూల్స్, జంపర్ కేబుల్, తాడు పెట్టుకోవచ్చు. నేను కొలిచినంతవరకు వీల్ ఆర్చ్‌ల మధ్య వెడల్పు 101, సీటు వీపు నుంచి అంచు దాకా 68 సెంటీమీటర్లు. మోయాల్సిన బరువు రెండు 20 లీటర్ల క్యాన్లు, ఒక 25 కిలోల బియ్యం బస్తా, పైన సరుకులు.

అడగాల్సినవి ఇవి. కార్పెంటర్ 18 ఎం.ఎం. ప్లై ఒక్కటే పలకగా అడ్డంగా వేస్తే చాలంటున్నాడు, సరేనా? షాపులో డబ్ల్యూపీసీ షీటు (చెక్కపొడి, పీవీసీ ప్లాస్టిక్ కలిపి చేసేది) తీసుకోమంటున్నారు, నీళ్లకి పాడవదని. స్టెప్నీ తీయాల్సి వస్తే ఎలా? బండికి ఒక్క రంధ్రం కూడా పెట్టడం ఇష్టం లేదు.

ప్లైవుడ్_పని

18 ఎం.ఎం. వద్దండీ. ఇక్కడ చూసుకోవాల్సింది మందం కంటే ముందు ఖాళీని, అంటే కింద ఏ ఆసరా లేకుండా పలక ఎంత దూరం సాగుతుందన్నదాన్ని.

100 సెంటీమీటర్ల ఖాళీ మీద పలకని రెండు చివర్లా ఆనించి మధ్యలో 50 కిలోలు పెట్టారనుకోండి. 12 ఎం.ఎం. ప్లై లెక్కప్రకారం దాదాపు 18 ఎం.ఎం. కుంగుతుంది. 18 ఎం.ఎం. ప్లై 5, 6 ఎం.ఎం. కుంగుతుంది. మీరు చెప్పిన సామాను అంతకంటే ఎక్కువే, గోతుల్లో పడితే ఇంకా ఎక్కువ. అదే ఖాళీని 35 సెంటీమీటర్లకి తగ్గిస్తే 12 ఎం.ఎం. ప్లై ఒక్క ఎం.ఎం. లోపే వంగుతుంది. మందం ఒకటిన్నర రెట్లు చేస్తే వంపు మూడో వంతుకి వస్తుంది, ఖాళీని సగం చేస్తే ఎనిమిదో వంతుకి వస్తుంది. కాబట్టి డబ్బూ బరువూ కింది ఆసరాల మీద పెట్టండి.

ఎత్తు విషయానికొస్తే, పై ఫ్లోర్‌ని డిక్కీ అంచుతో సమానం చేయకండి, సీటు వీపుతో సమానం చేయండి. అంచు అప్పుడు 2 సెంటీమీటర్లు పైకి ఉంటుంది. తలుపు తీయగానే టమాటాలు రోడ్డు మీదికి దొర్లకుండా అదే ఆపుతుంది. 170 ఎం.ఎం. నుంచి పై ప్లై 12, కార్పెట్ 4, ఫ్రేమ్ కాళ్ల (నేలని తాకే చోట్ల) కింద అతికించే ఫెల్ట్ (మందపాటి మెత్తటి గుడ్డ) 3 తీసేయండి. ఫ్రేమ్ ఎత్తు 151 ఎం.ఎం. వస్తుంది. మడిచిన సీటు వీపు పూర్తిగా చదునుగా పడదు, కాస్త ఏటవాలుగా ఉంటుంది. 17 అన్నది డిక్కీ వైపు చివర కొలిచారో లేదో ఇంకోసారి చూసుకోండి, పలక కలిసేది అక్కడే.

ఇప్పుడు కాళ్లు. ఫ్యాక్టరీ ఇచ్చిన నేల పలక స్టెప్నీ గుంత మీద వట్టి మూత లాంటిది, బరువుకి పనికిరాదు. దాన్ని ఎత్తి చూస్తే గుంత చుట్టూ రేకు గట్టు కనిపిస్తుంది. కాళ్లన్నీ ఆ గట్టు మీదికే రావాలి. నేలని అరచేత్తో గట్టిగా నొక్కుతూ పోతే ఎక్కడ మెత్తగా దిగుతోందో తెలిసిపోతుంది. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

ఫ్రేమ్ ఇలా: సీటు వైపు ఒకటి, తలుపు వైపు ఒకటి అడ్డపలకలు. వాటి మధ్య ముందు నుంచి వెనక్కి నాలుగు నిలువు పలకలు, అన్నీ 12 ఎం.ఎం. ప్లై, 151 ఎత్తు. రెండు వీల్ ఆర్చ్‌ల పక్కన, రెండు గుంతకి అటూ ఇటూ. గుంత పక్కన ఉండే రెండింటి మధ్య లోపలి దూరం 70 సెంటీమీటర్లు పెట్టండి. 185/65 ఆర్15 టైరు వ్యాసం 62 సెంటీమీటర్లు. పై ఫ్లోర్‌లో మధ్య భాగం ఎత్తి తీసే విడి మూతగా ఉంటుంది, అది ఆనడానికి ఆ పలకల లోపలి ముఖానికి 18 ఎం.ఎం. బద్దెలు కొడితే ఇంకా 66 పైన మిగులుతుంది, టైరు కాస్త వాల్చి బయటికి తీయొచ్చు. ఇక్కడ 65 పెట్టారంటే బద్దెలు కొట్టాక టైరు రాదు, ఫ్రేమ్ మొత్తం పీకాలి. మీ గుంత సరిగ్గా మధ్యలో లేకపోతే దాన్నిబట్టి పలకలు జరపండి, సమానంగా ఉండాలని పట్టుపట్టకండి.

మూత కింద 70 ఖాళీ ఉండిపోయింది కదా, దానికి మధ్యలో ఒక విడి పలక. అడ్డపలకలకి రెండేసి చిన్న చెక్కముక్కలు 13 ఎం.ఎం. సందుతో కొట్టి, సందు అడుగున ఇంకో ముక్క ఆసరాగా పెడితే ఆ పలక పైనుంచి జారి కూర్చుంటుంది. దాని ఎత్తు 140 చాలు, పై అంచు మిగతావాటితో సమానంగా ఉండాలి, అడుగు స్టెప్నీ మూతకి తగలకూడదు. పంక్చరైనప్పుడు మూత ఎత్తి, ఈ పలక పైకి లాగి, టైరు తీయడమే.

ఐఎస్ 710 (మెరైన్ ప్లై ప్రమాణం) ముద్ర ఉన్న ప్లై తీసుకోండి. 6×4 అడుగుల షీటు ఒకటి సరిపోయి ముక్కలు మిగులుతాయి. మామూలు ప్లై ప్రమాణం ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీటికి తట్టుకునే) రకం కూడా ఫరవాలేదు. అందులోనే ఎంఆర్ అని వచ్చే కమర్షియల్ ప్లై మాత్రం తడికి పొరలు విడిపోతుంది. అంతా కలిపి 12 కిలోల దాకా వస్తుంది. నిలువు పలకల్లో కోడిగుడ్డు ఆకారంలో రంధ్రాలు కోస్తే కిలో దాకా తగ్గుతుంది, తాడూ కేబులూ అడ్డంగా దూర్చుకోవచ్చు.

ప్లై అంచులోకి స్క్రూ ఎక్కించే ముందు 2.5 ఎం.ఎం. బిట్‌తో దారి పెట్టమని కార్పెంటర్‌కి చెప్పండి. నేరుగా ఎక్కిస్తే 12 ఎం.ఎం. పొరలు చీలిపోతాయి. 35 ఎం.ఎం. స్క్రూలు, అతుకుల్లో ఫెవికాల్ మెరైన్.

అట్ట_కొలత

పై పలక ఆకారం గురించి ఎవరూ చెప్పలేదు, పని చెడేది ఎక్కువగా అక్కడే. డిక్కీ పక్కలు తిన్నగా ఉండవు. టేపుతో కొలిచి నేరుగా ప్లై మీద గీస్తే ఒకచోట పట్టదు, ఇంకోచోట వేలు దూరే సందు.

ఫ్రిజ్ అట్టపెట్టె తెచ్చుకోండి. ఒకే ముక్కతో ఆకారం తీయాలని చూడకండి. మధ్యలో ఒక పెద్ద ముక్క పెట్టి, పక్కల ప్లాస్టిక్‌ని తాకేలా చిన్న చిన్న ముక్కలు చేర్చి టేపుతో అతికిస్తూ రండి. వంపు దగ్గర ఒక వాషర్ తీసుకుని దాని రంధ్రంలో పెన్సిల్ మొన పెట్టి, వాషర్ అంచుని ప్లాస్టిక్‌కి ఆనించి దొర్లిస్తే అదే వంపు అట్ట మీద పడుతుంది. ఆ గీత వాషర్ రంధ్రం నుంచి అంచు దాకా ఉన్న దూరమంత లోపలికి పడుతుంది, కోసేటప్పుడు అంత కలుపుకోవాలి. ముఖ్యమైనది: ఈ అట్ట తీయాల్సింది నేల దగ్గర కాదు, 17 సెంటీమీటర్ల ఎత్తులో. ఫ్రేమ్ లోపల పెట్టి, దాని మీద అట్ట పరచి తీయండి. పైకి వెళ్లేకొద్దీ పక్కలు వెడల్పు అవుతాయి.

తర్వాత కార్పెట్ లెక్క. 4 ఎం.ఎం. కార్పెట్ అంచు చుట్టూ తిప్పితే ప్రతి వైపూ 4 పెరుగుతుంది, గోడకి 2 నుంచి 3 ఎం.ఎం. వదలాలి. అంటే ప్లైని అట్ట కంటే ప్రతి వైపూ 6, 7 ఎం.ఎం. తక్కువ కోయాలి. మధ్య మూతకీ పక్క పలకకీ నడుమ 4, 4, ఇంకో 2 కలిపి 10 ఎం.ఎం. ఉండాలి. ప్లై మీద ఆ సందు చూస్తే పనివాడు తప్పు కోశాడనిపిస్తుంది, కార్పెట్ వేశాక సరిపోతుంది. ఉత్త ప్లైని బిగుతుగా అమర్చుకుంటే మాత్రం కార్పెట్ వేశాక మూత సుత్తితో కొట్టినా దిగదు.

జిగ్‌సాకి సన్నపళ్ల బ్లేడు, గీత మీద మాస్కింగ్ టేపు. కోసిన అంచులన్నిటికీ రెండు కోట్లు వార్నిష్ పట్టించాకే కార్పెట్. ప్లై తడి పీల్చేది అంచుల నుంచే.

కార్పెట్ ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టే షాపుల్లో అడగండి, కార్ల నేలకి వేసే ఒత్తు రకం, మీటరున్నర చాలు. జిగురు ఫెవికాల్ ఎస్ఆర్ 998. ప్లైకీ కార్పెట్ వెనక్కీ రెండింటికీ పలచగా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరాక నొక్కాలి. తడిగా ఉండగానే అతికిస్తే ఎండలో బుడగలు లేస్తాయి. కిందికి 5 సెంటీమీటర్లు మడిచి స్టేపుల్స్ కొట్టండి, ఒట్టి జిగురుని నమ్మొద్దు. మూలల దగ్గర వి ఆకారంలో కోసి, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి లాగితే మడత కనపడకుండా కూర్చుంటుంది.

ఎండాకాలం

డబ్ల్యూపీసీ, పీవీసీ ఫోమ్ షీట్లు రెండూ ఈ పనికి వద్దు. నీళ్లకి పాడవవన్నది నిజమే. అయితే మే నెలలో బెజవాడ ఎండలో అద్దాలు ఎక్కించి నిలిపిన బండి లోపల వేడి 60 డిగ్రీలు దాటడం మామూలే, నల్ల కార్పెట్ మీద ఎండ నేరుగా పడితే ఇంకా ఎక్కువ. పీవీసీ 70, 80 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది, బరువు మీద ఉంటే అంతకంటే ముందే మెల్లగా సాగుతుంది. అలా వంగింది చల్లబడ్డాక వెనక్కి రాదు. స్క్రూ పట్టు కూడా ప్లైకి ఉన్నంత ఉండదు, రెండుసార్లు విప్పి బిగిస్తే వదులైపోతుంది. వీల్ ఆర్చ్ వెనక సందులు పూడ్చడానికైతే వాడుకోండి, అక్కడ బరువు పడదు. ఎండీఎఫ్ (చెక్క నార నొక్కి చేసిన పలక) జోలికి అసలు పోకండి, క్యాన్ ఒకసారి ఒలికితే ఉబ్బిపోతుంది.

కొక్కెం_పట్టీ

రంధ్రం పెట్టనన్నారు, మంచి నిర్ణయం. డిక్కీ రేకు కింద ఏ వైరు, ఏ పైపు పోతోందో పైనుంచి కనపడదు. పైగా రంధ్రం దగ్గర పెయింటు పోయి తుప్పు మొదలవుతుంది.

ఫ్రేమ్ కదలకుండా ఉండటానికి అడుగున వెల్క్రోలో గరుకు వైపు పట్టీ, 50 ఎం.ఎం. వెడల్పుది, స్క్రూలతో కొట్టండి. ఫ్యాక్టరీ కార్పెట్‌నే అది పట్టుకుంటుంది, రెండో పట్టీ అక్కర్లేదు. అలా చేస్తే కాళ్ల కింద ఫెల్ట్ ఆ మేరకు వదిలేయండి, లేకపోతే ఎత్తు మారుతుంది. ఇది మలుపుల్లో జరగకుండా మాత్రమే. బండి గుద్దుకుంటే వెల్క్రో దేన్నీ ఆపదు. అందుకు సామాను కట్టే కొక్కేలు ఉంటే వాటికి 25 ఎం.ఎం. పట్టీతో, బకిల్ పెట్టి, ఫ్రేమ్‌ని కట్టండి. సీటు బెల్టు బోల్టు విప్పి దాని కింద బ్రాకెట్ దూర్చే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. అది మనిషిని పట్టుకునే బోల్టు, దాని బిగింపు తేడా రాకూడదు.

ఇంకో మాట. నేల 17 సెంటీమీటర్లు పైకి లేచింది కాబట్టి సామాను కూడా అంత పైకి లేస్తుంది. ఇదివరకు సీటు వీపు చాటున ఉండిపోయిన క్యాను ఇప్పుడు సీటు హెడ్‌రెస్ట్ దాకా వస్తుంది. గట్టి బ్రేకుకి ముందుకు దూకేది అదే. బరువైనవి సీటు వీపుకి ఆనించి పెట్టండి, వెనక సీట్లో ఎవరైనా ఉంటే పట్టీతో కట్టండి. పిల్లల సీటు వాడుతుంటే దాని పై పట్టీ తగిలించే చోటు పలక చాటున పడకుండా ఆ దగ్గర కోత వదలండి.

కిర్రుమనే చప్పుడు ప్లై, ప్లాస్టిక్ రాసుకునే చోట వస్తుంది. బద్దెల మీద 3 ఎం.ఎం. ఫెల్ట్ అతికించండి. అప్పుడు బద్దెని కూడా 3 ఎం.ఎం. కిందికి దించి కొట్టాలి, లేదంటే మూత పక్క పలకల కంటే పైకి నిలుస్తుంది. విడి పలక సందులో కూడా పలచని ఫెల్ట్ వేయండి, గడగడ ముందు అక్కడే మొదలవుతుంది.

బెజవాడ_బాలెనో

చాలా వివరంగా చెప్పారు, అందరికీ థ్యాంక్స్. ఇంకో రెండు. మూతకి పియానో హింజ్ (అంచు పొడవునా ఉండే బందు), గ్యాస్ స్ట్రట్ (మూతని పైకి లేపి పట్టే గ్యాస్ కడ్డీ) పెట్టించనా? వచ్చే ఏడాది సీఎన్‌జీ వేయించే ఆలోచన ఉంది, ఈ ఫ్రేమ్ అప్పటికి పనికొస్తుందా?

ప్లైవుడ్_పని

హింజ్ వద్దు, స్ట్రట్ అసలే వద్దు. 68 పొడవున్న మూత సీటు వైపు హింజ్ మీద లేస్తే నిలువయ్యేలోపే పైనున్న పార్సిల్ ట్రేకి (డిక్కీని కప్పే పై పలకకి) తగులుతుంది. స్ట్రట్ అయితే మూసి ఉన్నంతసేపూ మూతని పైకి తోస్తూనే ఉంటుంది, దానికి మళ్లీ గొళ్లెం కావాలి. విడి మూతే మంచిది. తలుపు వైపు అంచుకి 25 ఎం.ఎం. నైలాన్ పట్టీ ఉచ్చుగా మడిచి, చివరలు ప్లై అడుగున రెండు స్క్రూలు, వాషర్లతో బిగించండి. వేలు పెట్టి లాగితే వస్తుంది, మూసినప్పుడు కార్పెట్‌తో కలిసిపోతుంది.

కొక్కెం_పట్టీ

సీఎన్‌జీకి ఈ ఫ్రేమ్ పనికిరాదు. బయట వేసే కిట్‌లో మామూలుగా 60 లీటర్ల సిలిండర్ ఒకటి డిక్కీలో అడ్డంగా వస్తుంది, 17 సెంటీమీటర్ల ఎత్తులో పట్టదు. టాటా 2023లో ఆల్ట్రోజ్‌కి 30 లీటర్లవి రెండు పెట్టి వాటిపైన ఫ్లోర్ వేసింది. అది కంపెనీలోనే అలా డిజైన్ చేసింది, బయట చేయించుకునే పని కాదు. కిట్ వేయించేది ఖాయమైతే ఇప్పుడు ఫ్రేమ్‌కి పెద్ద ఖర్చు పెట్టకండి, లేదా అతుకుల్లో జిగురు మానేసి స్క్రూలతోనే చేయించండి. పై పలకలు విప్పి అప్పుడు వాడుకోవచ్చు.

అప్పుడు సిలిండర్ చుట్టూ చెక్క పెట్టె కట్టినా మూడు చూసుకోండి. గాలి ఆడాలి, మూసేయకూడదు. సిలిండర్ వాల్వు దగ్గరికి పనిముట్లు లేకుండా చెయ్యి పోవాలి. మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్‌కి (నీటి ఒత్తిడి పరీక్షకి) సిలిండర్ దించాలి కాబట్టి పెట్టె ముక్కలుగా విడిపోవాలి, సిలిండర్ నంబరు ప్లేటు ఎప్పుడూ కనపడాలి. సిలిండర్ స్టాండుకీ దాని పట్టీలకీ ఒక్క స్క్రూ కూడా కొట్టనివ్వకండి.