అద్దానికి అతుక్కున్న పాత హాకీ ఫోటో: నానబెట్టాలా, అలాగే ఉంచాలా?

తిరుపతిలో ఉన్న రెండు పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోల గురించి తెలిసినవాళ్ల సలహా కావాలి.

మొదటిది 1975 కౌలాలంపూర్ హాకీ ప్రపంచకప్ ఫైనల్‌ది, మనం పాకిస్తాన్‌ను 2-1తో ఓడించిన మ్యాచ్. వెనక సిరా ముద్ర, టైపు చేసిన క్యాప్షన్ చీటీ ఉన్నాయి. పది రెట్ల లెన్స్‌తో చూస్తే అచ్చు చుక్కలు లేవు, అంటే పత్రికలోంచి కత్తిరించింది కాదు. ప్లాస్టిక్ పూత లేని మామూలు ఫైబర్ పేపర్. చిక్కల్లా ఫ్రేముతోనే. మధ్యలో మౌంట్ (అద్దానికి తగలకుండా ఎడం ఉంచే అట్ట చట్రం) పెట్టకుండా ఫోటోను నేరుగా అద్దానికి ఆనించేశారు. వానాకాలం తేమకు జెలటిన్ (కాగితం మీద బొమ్మను పట్టి ఉంచే పొర) మెత్తబడి అరచేయంత మేర పట్టేసింది. అక్కడ తడిసినట్టు మెరుస్తోంది. లాగితే బొమ్మ అద్దం మీదే ఉండిపోతుంది. హెయిర్ డ్రయర్ సలహా దయచేసి వద్దు, వేడికి జెలటిన్ పగులుతుంది.

ముందు అద్దంతోనే స్కాన్ చేయాలి. సీఐఎస్ స్కానర్‌కు (ఇళ్లలో వాడే పల్చటి రకం) లోతు అందదు, 2 మి.మీ. అద్దం అడ్డుంటే మసకే. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ సీసీడీ ఫ్లాట్‌బెడ్ (లెన్స్ ఉండి, కాస్త ఎడంగా ఉన్నదాన్నీ స్పష్టంగా చూపే స్కానర్) ఉన్న స్టూడియో ఉందా? 600 డీపీఐ, 16 బిట్ గ్రే చాలు. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి విడదీసినవాళ్లుంటే, ముద్ర సిరా కరగకుండా ఏం చేశారో చెప్పండి.

రెండోదాని మీద 1936 బెర్లిన్ ఫైనల్ (జర్మనీపై 8-1) అని రాసుంది. యూవీ టార్చి కింద కాగితం నీలంగా వెలుగుతోంది. అలా వెలిగే తెలుపు రసాయనం ఫోటో పేపర్లలో వాడుకలోకి వచ్చింది 1950ల్లో. తర్వాత వేసిన ప్రింటేనా, లేక వెనకున్న అట్ట నుంచి అంటుకుని ఉంటుందా?