కిటికీ దగ్గర నారు ట్రేల్లో చిన్న నల్ల ఈగలు: మీరెలా వదిలించుకున్నారు?

మేడతోట (భీమవరం)
అందరికీ నమస్కారమండి. మాది అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. దసరా వెళ్లాక రెండు ప్రోట్రేల్లో టమాటా, వంగ, మిరప గింజలు వేసి వంటింటి కిటికీ దగ్గర పెట్టాను. మొలక బ్రహ్మాండంగా వచ్చింది. రెండాకులు విచ్చుకున్నాక మాత్రం ఎదుగుదల ఆగిపోయింది. ట్రే కొంచెం కదిపితే ఆవగింజంత నల్ల ఈగలు లేస్తున్నాయి. అరటిపళ్ల మీద ముసిరే ఈగలేమో అనుకుని పళ్లన్నీ తీసేశాను, అయినా తగ్గలేదు. 98 గుంతల ట్రేలో 30 మొక్కల పైనే వాలిపోయాయి. ఒకదాన్ని లాగి చూస్తే కింద సన్న వేళ్లు లేవు, మొండి కాడ చేతికొచ్చింది. ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఘాటు మందులు కొట్టలేను. చాలా టెన్షన్‌గా ఉంది, దారి చెప్పండి.

కొబ్బరిచెట్టు నీడ (అమలాపురం)
అక్కా, నీళ్లు రోజుకి ఎన్నిసార్లు పోస్తున్నారు? ట్రేలో ఏం నింపారు? ఈగ నేరుగా ఎగురుతోందా, లేక మట్టి మీద గునగునా పరిగెడుతోందా?

మేడతోట (భీమవరం)
రోజూ పొద్దునా సాయంత్రం స్ప్రేతో కొడుతున్నాను తమ్ముడూ. కొబ్బరిపొట్టు, వర్మీ కంపోస్టు సగం సగం. ఎక్కువగా పరిగెడుతోంది, ఎగిరినా దూరం పోదు.

కడియం నారుమడి
నేను కడియపులంకలో నర్సరీ పనిలో 12 ఏళ్లుగా ఉన్నానండి. మీరు చెప్పిన తీరు చూస్తే అవి ఫంగస్ న్యాట్స్. ఎగిరే ఈగ మొక్కని ఏమీ చేయదు. అసలు నష్టం దాని పిల్ల పురుగు వల్ల. ఒళ్లంతా అద్దంలా తెల్లగా, తల మాత్రం నల్లగా ఉండే అర సెంటీమీటరు పురుగు అది. తడి కొబ్బరిపొట్టులో పట్టే బూజు తింటుంది, అది చాలకపోతే లేత వేళ్లు కొరుకుతుంది. ఒక్కో ఆడ ఈగ వందకు పైగా గుడ్లు పెడుతుంది, అదీ తడిగా ఉన్న పై పొరలోనే. గుడ్డు నుంచి ఈగ అయ్యేదాకా మన వాతావరణంలో సుమారు 3 వారాలు.

ముందు అదో కాదో తేల్చుకోండి. పచ్చి బంగాళాదుంపని వేలి మందాన ముక్కలు కోసి, కోసిన వైపు కిందకి వచ్చేలా ట్రేలో నాలుగైదు చోట్ల ఆనించండి. రెండు రోజులాగి తిప్పి చూడండి. పురుగుంటే ముక్క అడుగున చేరుతుంది.

అంతవరకు పైనుంచి నీళ్లు ఆపేయండి. వెడల్పాటి పళ్లెంలో కొద్దిగా నీళ్లు పోసి ట్రేని 20 నిమిషాలు ఉంచి తీసేయండి. నీరు అడుగు నుంచి పీల్చుకుంటుంది, పై పొర అంతగా తడవదు. పై పొర పొడిబారితే గుడ్లు పెట్టడానికి దానికి చోటు లేదు. మన డెల్టాలో వానాకాలం వెళ్లినా గాలిలో తేమ పోదు, అందుకే పుస్తకాల్లో రాసినట్టు రోజుకి రెండుసార్లు నీళ్లంటే ఇంట్లో నారుకి చాలా ఎక్కువ.

లంకమట్టి (రావులపాలెం)
ఒక మాట కలుపుతానండి. కాడ మట్టి దగ్గర నీరుకారినట్టు మెత్తబడి సన్నబడితే అది నారుకుళ్లు, శిలీంధ్రం పని. మొండి వేరు అయితే పురుగు పని. రెండూ తడి వల్లే కాబట్టి చాలాసార్లు కలిసే వస్తాయి. నేను ఇప్పుడు గింజ వేసే ముందే పొట్టులో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం పొడి కలుపుతున్నాను. మూడేళ్ల క్రితం ఇది తెలియక వంగ నారు మొత్తం పోగొట్టుకున్నాను.

పాలకొల్లు మాస్టారు
మా రోజుల్లో పొగాకు నానబెట్టిన నీళ్లు చల్లేవాళ్లం. దోమ, పేనుబంక రెండూ పోయేవి. పైసా ఖర్చు లేదు. అది వాడి చూడమ్మా.

కడియం నారుమడి
మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ విషయంలో వద్దంటాను. పొగాకులో ఉండే నికోటిన్ మనిషికీ విషమే, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. చంటిపిల్ల ఉన్న ఇంట్లో అసలు పనికిరాదు. ఇంకోటి, ఆకుల్లో పచ్చ, లేతపచ్చ మచ్చలు తెచ్చే పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా బతికే ఉంటుంది. టమాటా, మిరప కూడా పొగాకు కుటుంబంవే, వాటికీ అంటుకుంటుంది. మా నర్సరీలో చుట్ట, బీడీ తాగే కూలీలు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టమాటా నారు ముట్టుకుంటారు.

పాలకొల్లు మాస్టారు
చేతుల మీదుగా తెగులు అంటుతుందన్న సంగతి నాకు తెలియదు బాబూ. మంచి మాట చెప్పావు. మా పెరట్లో టమాటా ఆకులు పచ్చ, లేతపచ్చ మచ్చలతో గిడసబారేవి, ఏళ్ల తరబడి ఎరువు చాలలేదనుకున్నాను.

గోదారి గట్టు (రాజమండ్రి)
నా తప్పు మీరు చేయకండి. పోయినేడు ఇంట్లో దోమలకి కొట్టే స్ప్రే డబ్బా తీసుకుని మిరప నారు మీద కొట్టేశాను. మర్నాటికి ఆకుల అంచులు కాల్చినట్టు గోధుమ రంగుకి తిరిగాయి, మూడో రోజుకి రాలిపోయాయి. ఆ మందు గదిలో దోమల కోసం. అందులోని ద్రావకం లేత ఆకుని మాడ్చేస్తుంది. 60 మొక్కల్లో 4 మిగిలాయి, ఇప్పటికీ బాధే.

మేడతోట (భీమవరం)
ఆయ్, దుంప ముక్కలు పెట్టానండి. ఇవాళ పొద్దున్న తిప్పితే ఒళ్లు జలదరించింది. ఒక్క ముక్క అడుగునే 11 పురుగులు లెక్కపెట్టాను. దారప్పోగులా సన్నగా ఉన్నాయి, ఫోన్ లైటు వేస్తే లోపలి పేగు నల్ల గీతలా కనబడింది. ముక్కలన్నీ కవర్లో కట్టి పారేసి కొత్తవి పెట్టాను. దుకాణంలో బీటీ పొడి ఉందన్నారు, తేనా?

కడియం నారుమడి
ప్యాకెట్ మీద ఏం రాసుందో చదివి కొనండి. బీటీ అంటే పురుగు పిల్లల్ని చంపే బాక్టీరియా పొడి, కానీ ఆ పేరున్నవన్నీ ఒకటి కావు. కుర్‌స్టాకి రకం గొంగళి పురుగులకి, దీని మీద పనిచేయదు. ఇజ్రాయెలెన్సిస్ అని ఉండాలి, దోమ పిల్లలకి వాడేది అదే. ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో నీళ్లలో కలిపి పొట్టు తడిసేలా పోయాలి. గుడ్డుకీ ఈగకీ అది ఏమీ చేయదు కాబట్టి వారానికోసారి మూడుసార్లైనా పోస్తేనే ఫలితం. ఎగిరేవాటికి పసుపు జిగురు అట్టలు చాలు. వేలాడదీయకుండా ట్రే మీద పడుకోబెట్టండి, ఇవి నేలబారునే తిరుగుతాయి.

కొబ్బరిచెట్టు నీడ (అమలాపురం)
అట్ట దొరక్కపోతే పసుపు ప్లాస్టిక్ ఫైలు కవరు కత్తిరించి ఆముదం రాసినా అంటుకుంటాయి అక్కా. నాలుగు రోజులకోసారి తుడిచి మళ్లీ రాయాలి. ఒక సందేహం నాకూ ఉంది. మా ఇంటి కొబ్బరాకు అడుగున తెల్లదోమ సున్నం చల్లినట్టుంది, కింద జామ ఆకులు మసిబారి నల్లబడ్డాయి. అదే లోపలికొచ్చి టమాటా నారుకి ముడత తెస్తుందా?

లంకమట్టి (రావులపాలెం)
అది సర్పిలాకార తెల్లదోమ తమ్ముడూ. కొబ్బరి, అరటి, జామ దానికి ఇష్టం. టమాటాకి ఆకుముడత వైరస్ తెచ్చేది వేరే తెల్లదోమ, ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కొబ్బరి సంగతి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడుగు, మీకు దగ్గరే.

టమాటాకి మాత్రం గింజ మొలిచిన రోజు నుంచే వల కప్పాలి. ముడత వచ్చిన మొక్క ఇక కోలుకోదు, పీకి కవర్లో కట్టేయడమే. నేను 40 మెష్ నైలాన్ వల వాడతాను, అంటే అంగుళానికి 40 కన్నాలు. మామూలు దోమతెరలోంచి తెల్లదోమ సులువుగా దూరిపోతుంది. మొదటేడు డబ్బులు దండగని మా అమ్మ పాత నైలెక్స్ చీర కప్పాను. పురుగు రాలేదు కానీ వెలుతురు చాలక నారు దారంలా సాగిపోయింది. వల అంచులు ట్రే కిందకి మడిచి ఇటుక పెట్టాలి, ఒక మూల వదిలినా చాలు, మొత్తం వృథా.

గోదారి గట్టు (రాజమండ్రి)
రాత్రిపూట లైటు చుట్టూ పచ్చగా గుంపులు గుంపులుగా వాలేవి కూడా నారుకి ప్రమాదమా? ఈ వారం కిటికీ తీయలేకపోతున్నాం.

కడియం నారుమడి
సార్వా (ఖరీఫ్) వరి మీద ఉండే పచ్చదోమండి అది. వరి, గడ్డి తప్ప మీ వంగ జోలికి రాదు. దానికి మందు కొట్టొద్దు, లైటు ఆర్పేయండి చాలు.

చూడాల్సింది మిరప ఆకు. అంచులు పైకి ముడుచుకుని పడవలా అయితే తామర పురుగు, కిందికి ముడుచుకుని కాడ సాగితే నల్లి. ఈ నల్లి అసలు పురుగుల జాతిలోది కాదు, సాలీడు వైపుది, దానికి పురుగు మందులు చాలావరకు పనిచేయవు. ఇంట్లో నారుకైతే రెంటికీ మొదట వేపనూనెతో మొదలుపెట్టండి. 1500 పీపీఎం (మందు గాఢత, సీసా మీద రాసుంటుంది) రకం లీటరుకి 5 మిల్లీలీటర్లన్నది పెద్ద మొక్కల మోతాదు. లేత నారుకి సగమే వేసి, చుక్క సబ్బునీళ్లు కలిపి, ముందు రెండు మొక్కల మీద సాయంత్రం కొట్టి ఒక రోజు చూడండి. ఆకు అడుగు తడవకపోతే కొట్టినట్టే కాదు.

కొబ్బరిచెట్టు నీడ (అమలాపురం)
చీమలు వరసగా ఎక్కుతుంటే కూడా వదలొద్దు. నా వంగ నారుకి చీమలే కాపలా కాసి పేనుబంకని పెంచాయి. స్టూలు కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టాక బంక వేలితో తుడిస్తే మళ్లీ రాలేదు.

మేడతోట (భీమవరం)
మూడు వారాలైందండి. బీటీ మూడోసారి మొన్న పోశాను. మొదటి వారం ఆముదం కవరు మీద ఈగలు లెక్కకి అందలేదు, నిన్న 2 ఉన్నాయి. పళ్లెంలో నీళ్లు పెట్టడం మూడు రోజులకోసారే, ట్రే ఎత్తి బరువు చూసి పోస్తున్నాను. టమాటా 22, వంగ 31 నిలబడ్డాయి. కొత్తగా వేసే ట్రేకి పొట్టు ఇటుక మీద మరుగుతున్న నీళ్లు పోసి, మూతపెట్టి, మర్నాడు పిండి ఆరబెట్టాను. వర్మీ కంపోస్టు నాలుగో వంతుకి తగ్గించాను. మిరపలో మూడు మొక్కల ఆకులు పడవలా ముడుస్తున్నట్టున్నాయి, వాటిని విడిగా పెట్టాను. రేపు ఎండలో ఆకు అడుగు ఫొటో తీసి పెడతాను, నారుమడి గారు ఒకసారి చూడాలి.