మెడలో కెరోటిడ్ మూసుకుపోయింది, తలలోనూ క్లాట్ ఉంది: ముందు ఏది తెరవాలి?

న్యూరో_పీజీ:
టాండెమ్ కేసుల (మెడలోనూ తలలోనూ ఒకేసారి నాళం మూసుకున్న స్ట్రోక్) గురించి అడుగుతున్నాను. ఎమ్1లో (మెదడు మధ్య ధమని మొదటి భాగం) క్లాట్, అదే వైపు మెడలో కెరోటిడ్ మొదట్లోనే బ్లాక్. క్లాట్ కరిగించే టెనెక్టిప్లేస్ కిలోకి 0.25 మి.గ్రా. లెక్కన ఇచ్చేశారు. క్యాథ్‌ల్యాబ్‌లో ముందు మెడా, తలా? స్టెంట్ ఆ పూటే వేయాలా?

స్కాన్‌రూమ్:
దానికంటే ముందు ఒక మాట. సీటీ యాంజియోలో కెరోటిడ్ కనబడలేదని వెంటనే బ్లాక్ అని రాసేయకండి. కెరోటిడ్ పైకొసలో క్లాట్ అడ్డం పడితే కింద రక్తం నిలిచిపోతుంది, కాంట్రాస్ట్ ఎక్కదు. మెడలో నాళం బాగానే ఉన్నా మొదటి ఫేజ్‌లో ఖాళీగా కనబడుతుంది. డిలేడ్ ఫేజ్‌లో చూస్తే కాంట్రాస్ట్ మెల్లగా పైకి పాకుతూ ఉంటుంది. కెరోటిడ్ రెండుగా చీలే చోట కాల్షియం ఉంటే ప్లాక్ వైపు మొగ్గండి. బల్బ్ (ఆ చీలిక దగ్గరి ఉబ్బు) శుభ్రంగా ఉండి, దానికి కాస్త పైన దీపం మంటలా సన్నబడితే, పైగా వయసు తక్కువైతే, డిసెక్షన్ (నాళం గోడ లోపలి పొర చీలడం) అనుకోవాలి. స్కాన్ అయోర్టా ఆర్చ్ నుంచి నడినెత్తి దాకా ఒకేసారి తీయండి. ఆ గంటలో మెడ డాప్లర్ కోసం పేషెంట్‌ని తిప్పడం దండగ.

వైర్‌మీద_వైర్:
నా ఓటు తలకే. ఇరుకు దాటి 0.014 అంగుళాల వైర్, మైక్రోక్యాథెటర్ వెళ్తే ఎమ్1 క్లాట్ లాగేయవచ్చు. గైడ్ క్యాథెటర్ దూరకపోతే 4 లేదా 5 మి.మీ. బెలూన్ ఒక్కసారి ఉబ్బించి, దాన్ని దించుతుండగానే దాని మీదుగా గైడ్ నెట్టండి. బల్బ్‌లో బెలూన్ ఉబ్బగానే గుండె వేగం ధబ్బున పడిపోవచ్చు. అట్రోపిన్ 0.6 మి.గ్రా. సిరంజిలోకి తీసుకున్నాకే బెలూన్ ఎక్కించాలి, పడిపోయాక ఆంప్యూల్ విరగ్గొట్టడం కాదు. స్టెంట్ ముందే వేస్తే ఇంకో తంటా: తర్వాత క్లాట్ పట్టి లాగే రిట్రీవర్ దాని తీగలకు తగులుకోవచ్చు. గైడ్ కొస స్టెంట్‌కి పైన ఉంటే ఆ భయం తక్కువ.

ఐసీయూ_రాత్రి:
స్టెంట్ వేయగలమా అన్నదాంట్లో పేచీ లేదు సార్. ఆ రాత్రి రెండు యాంటీప్లేట్‌లెట్లు ఆ మెదడు తట్టుకుంటుందా అన్నదే పేచీ. లైసిస్ (క్లాట్ కరిగించే మందు) ఇచ్చాక మామూలుగా 24 గంటలు, రిపీట్ సీటీ దాకా ఏమీ ఇవ్వం. మందు లేకుండా స్టెంట్ వదిలేస్తే అది గంటల్లోనే మూసుకుపోవచ్చు. కోర్ (అప్పటికే చచ్చిపోయిన మెదడు భాగం) పెద్దదైతే స్టెంట్ జోలికి వెళ్లకపోవడమే మేలంటాను.

న్యూరో_పీజీ:
మరి బెలూన్‌తోనే వదిలేస్తే?

వైర్‌మీద_వైర్:
వదిలేయవచ్చు. తల తెరిచాక పది పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ యాంజియో రన్ తీయండి. ఫ్లో నిలబడితే, లేదా అవతలి వైపు నుంచి యాంటీరియర్ కమ్యూనికేటింగ్ ధమని ద్వారా బాగా నిండుతుంటే, అక్కడికి ఆపేయండి. ఎండార్టరెక్టమీయో (మెడ కోసి ప్లాక్ తీసేయడం) స్టెంటో తర్వాత చూసుకోవచ్చు, రెండు వారాల లోపు. ఇరుకు మళ్లీ ముడుచుకుపోతున్నా, ప్లాక్ మీద క్లాట్ వేలాడుతున్నా స్టెంట్ తప్పదు. అప్పుడు రైల్స్ ట్యూబ్‌లో (ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టం) ఆస్పిరిన్ 300 మి.గ్రా.; టేబుల్ మీదే సీటీ తీసి రక్తం లేదని తేలాకే రెండో మందు. కాంట్రాస్ట్ మరకా తెల్లగానే కనబడుతుంది, కంగారు పడకండి. డ్యూయల్ ఎనర్జీ సీటీ ఉంటే తేడా తెలుస్తుంది.

ఐసీయూ_రాత్రి:
ఇక బీపీ. లైసిస్‌కి ముందు 185/110 లోపు, తర్వాత 180/105 లోపు, ఇది అందరికీ తెలిసిందే. చిక్కంతా ఆ తర్వాతే. స్టెంట్ వేశాక హైపర్‌పెర్‌ఫ్యూజన్ (మెదడుకి ఒక్కసారిగా రక్తం ఎక్కువ పారడం) భయంతో సిస్టాలిక్ 140 లోపు ఉంచుతాం. కానీ థ్రాంబెక్టమీ (క్లాట్ లాగేయడం) ట్రయల్స్‌లో ఎన్‌చాంటెడ్2 (2022) 120 లోపుకి, ఆప్టిమల్-బీపీ (2023) 140 లోపుకి దించితే ఫలితం చెడింది. కాబట్టి అందరికీ ఒకే అంకె పనికిరాదు. మెడ ఇంకా ఇరుకుగానే ఉంటే నేను 140–180 మధ్యే ఉంచుతాను, తల కింద దిండు కూడా తీసేస్తాను. స్టెంట్ పడి ఎమ్1 పూర్తిగా తెరుచుకుంటే 140కి కాస్త కిందికి, అంతే. అదే వైపు తలనొప్పి, కొత్తగా తికమక, ఫిట్స్: ఏదొచ్చినా టైరోఫిబాన్ (డ్రిప్‌లో ఇచ్చే యాంటీప్లేట్‌లెట్) నడుస్తుంటే ఆపి సీటీకి.

స్టాఫ్_గ్రీన్‌షిఫ్ట్:
హ్యాండోవర్‌లో బీపీ టార్గెట్ ఒక్కటే రాస్తున్నారు మేడమ్. మెడ పూర్తిగా తెరిచారా, సగమా, మూసే వదిలేశారా అన్నది కూడా రాస్తే, రాత్రి రెండింటికి బీపీ 170 చూసి లాబెటలాల్ తోసేయాలా వద్దా మాకూ తెలుస్తుంది.

స్కాన్‌రూమ్:
స్టెంట్ వేసి ఉంటే 24 గంటల సీటీతో పాటు మెడ డాప్లర్ రిక్వెస్ట్ కూడా పెట్టండి. ముందు దండగ అన్నది నేనే, ఇప్పుడు మాత్రం కావాలి.