ఎన్‌జీసీ 4449: మధ్యభాగం తెల్లగా కాలిపోతోంది, ఎర్ర మచ్చలు రావడం లేదు

ప్రశ్న:
ఎన్‌జీసీ 4449 గెలాక్సీని ఫొటో తీస్తున్నాను. 8 అంగుళాల ఎఫ్/5 న్యూటోనియన్ (అద్దాల టెలిస్కోప్), కోమా కరెక్టర్ (ఫ్రేమ్ అంచుల్లో నక్షత్రాలు సాగకుండా చూసే లెన్స్), ఐఎంఎక్స్533 సెన్సర్ ఉన్న కలర్ కెమెరా (మైనస్ 10 డిగ్రీలు, గెయిన్ 100). ఫ్రేమ్‌కు 120 సెకన్లు, మొత్తం 3 గంటలు, ఫిల్టర్ లేదు. ఆకాశంలో వీధిదీపాల వెలుతురు ఎక్కువే. స్టాక్ చేసి (ఫ్రేములన్నీ ఒకటిగా కలిపి), స్ట్రెచ్ చేస్తే (మసక భాగాలు కనిపించేలా వెలుగు పెంచితే) గెలాక్సీ నడుమ తెల్లటి ముద్ద. కొత్త నక్షత్రాలు పుట్టే ఎర్రటి హైడ్రోజన్ మేఘాలు అసలు కనిపించవు. ఎక్స్‌పోజర్ తగ్గించాలా? డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్ (హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగును మాత్రమే వదిలేది) పెట్టాలా?

సమాధానం 1:
ఎక్స్‌పోజర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఒక ముడి ఫ్రేమ్ తెరిచి, స్ట్రెచ్ చేయకుండా, గెలాక్సీలో అన్నిటికన్నా ప్రకాశమైన చోట పిక్సెల్ విలువ చదవండి. అది గరిష్ఠ విలువ 65,535కి బాగా దిగువన ఉంటే సమాచారమంతా భద్రంగా ఉన్నట్టే, కాల్చింది స్ట్రెచ్. మీ సెటప్‌లో నాకు ఎక్కువ అనుమానం దానిమీదే.

కారణం ఇది. మీ స్కేల్ (ఒక్కో పిక్సెల్‌లో పడే ఆకాశం) పిక్సెల్‌కు 0.78 ఆర్క్ సెకన్లు. గెలాక్సీ పొడవు సుమారు 6 ఆర్క్ నిమిషాలు, అంటే 3008 పిక్సెళ్ల ఫ్రేమ్‌లో 480 దాకా. ఆటో స్ట్రెచ్ నేపథ్యాన్ని చూసి లెక్క వేసుకుంటుంది, ఇంత చిన్న వస్తువును పట్టించుకోదు. హైపర్‌బోలిక్ స్ట్రెచ్ వాడి, సిమెట్రీ పాయింట్‌ను (కాంట్రాస్ట్ అన్నిటికన్నా ఎక్కువ పెరిగే వెలుగు స్థాయిని) నేపథ్యం దగ్గర కాకుండా గెలాక్సీ మసక అంచు వెలుగు దగ్గర పెట్టండి, హైలైట్ రక్షణ (ప్రకాశమైన భాగాలు కాలకుండా ఆపేది) ఆన్ చేయండి. ఒకేసారి లాగకుండా కొద్దికొద్దిగా పెంచండి.

సమాధానం 2:
పైమాటతో ఏకీభవిస్తాను. కానీ ఎర్ర మేఘాలకు అది ఒక్కటే చాలదు, ఫిల్టర్ కావాలి. 300 సెకన్ల ఫ్రేములతో కనీసం 5 గంటలు డ్యుయల్ బ్యాండ్ తీయండి. కలర్ సెన్సర్‌లో నాలుగింట ఒక పిక్సెలే ఎరుపు చూస్తుంది కాబట్టి గంటలు తగ్గిస్తే నాయిస్ మిగులుతుంది. ఫిల్టర్ లేని డేటా కూడా తప్పనిసరి. నక్షత్రాల నీలి వెలుగు అందులోనే ఉంటుంది.

కలిపేటప్పుడు చాలామంది తప్పేది ఇక్కడే: హైడ్రోజన్-ఆల్ఫా (హైడ్రోజన్ ఎర్ర వెలుగు) చానెల్‌ను నేరుగా ఎరుపుకు కలిపేస్తారు. అందులో నక్షత్రాల మామూలు వెలుగూ ఉంటుంది, గెలాక్సీ అంతా ఇటుక రంగుకు తిరుగుతుంది. ముందు రంగుల క్యాలిబ్రేషన్ ముగించండి. రెండు స్టాకులూ లీనియర్‌గా (స్ట్రెచ్ చేయకముందు) ఉండగానే, ఫిల్టర్ లేని ఎరుపు నుంచి దాని నేపథ్యం తీసేసి, మిగిలినదాన్ని ఒక గుణకంతో గుణించి ఆల్ఫా నుంచి తీసివేయండి. నక్షత్రాలు దాదాపు మాయమయ్యే గుణకమే సరైనది. నక్షత్రాల చోట నల్ల గుంటలు పడితే గుణకం ఎక్కువైనట్టు. మిగిలిన శుద్ధ ఆల్ఫాను ఎరుపుకు, అందులో 20 నుంచి 30 శాతం నీలానికి కలపండి. ఆ మేఘాలు నీలి ఛాయ ఉన్న హైడ్రోజన్-బీటా వెలుగునూ ఇస్తాయి, అందుకే సహజ రంగు గులాబీకి దగ్గర.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. 3 నానోమీటర్ల వెడల్పు వెలుగునే వదిలే ఫిల్టర్ తీసుకుంటే ఇంకా మంచిదా?

సమాధానం 3:
ఈ గెలాక్సీకి 7 నానోమీటర్లు నయం. ఇది సెకనుకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దూరం జరుగుతోంది, ఆల్ఫా గీత దాదాపు 0.45 నానోమీటర్లు ఎరుపు వైపు జరుగుతుంది. ఎఫ్/5 కాంతి శంకువు ఫిల్టర్ పాస్‌బ్యాండ్‌ను (అది వదిలే రంగుల పట్టీని) నీలం వైపు నెడుతుంది. రెండూ ఎదురెదురు దిశలు కావడంతో 3 నానోమీటర్ల ఫిల్టర్‌లో గీత అంచుకు చేరి కొంత వెలుగు పోతుంది.

ఇంకోటి, నేపథ్యపు గ్రేడియెంట్ (ఒకవైపు నుంచి మరోవైపుకు మారే ఆకాశపు వెలుగు) తీసేటప్పుడు శాంపిల్ బిందువులను గెలాక్సీ నుంచి కనీసం 10 ఆర్క్ నిమిషాల దూరంలో ఉంచండి. దగ్గర పెడితే బయటి మసక హేలో కూడా ఊడ్చుకుపోతుంది. మార్చి చివర్లో ఇది అర్ధరాత్రి ఆకాశంలో తన గరిష్ఠ ఎత్తుకు వస్తుంది, ఫిల్టర్ ఫ్రేములన్నీ ఆ రోజుల్లో పెట్టుకోండి.