చైనీస్‌లో ఇంటి భాగాల పేర్లు: ఏవి ముందు నేర్చుకోవాలి?

బెజవాడ సుధ:
మావారికి షెన్‌జెన్‌లో ఉద్యోగం వచ్చింది. బాబుతో నేనూ వెళ్తున్నాను, అద్దె ఇల్లు వెతుక్కోవాలి. యాప్‌లో గోడ, కప్పు, నేల అంటూ బట్టీ పడుతున్నాను కానీ మర్నాటికి ఒక్కటీ గుర్తుండట్లేదు. టెన్షన్‌గా ఉంది. ఏ మాటలతో మొదలుపెట్టాలి?

సుజౌ పద్మ:
సుధ గారూ, గోడ, కప్పు ఇప్పుడు వదిలేయండి. ఇంటి ప్రకటనల్లో ముందు కనిపించేది "లియాంగ్ షి యి థింగ్". రెండు పడకగదులు, ఒక హాలు. అంటే మన టూ బీహెచ్‌కే. అది పట్టుకుంటే "వోషి" పడకగది, "ఖథింగ్" హాలు అని వెంటనే తెలిసిపోతుంది. వంటగది "ఛూఫాంగ్", బాత్రూం "వెయ్‌షంగ్‌చియెన్", బాల్కనీ "యాంగ్‌థాయ్". మనం తూర్పు ముఖం అడుగుతాం కదా, అక్కడ గిరాకీ "ఛావ్ నాన్" ఇళ్లకి, అంటే దక్షిణం వైపు తిరిగినవాటికి. అంతస్తుల లెక్క చూసుకోండి: "యి లౌ" మన గ్రౌండ్ ఫ్లోర్, "సాన్ లౌ" అంటే మన రెండో అంతస్తు.

పేర్లు విడిగా నేర్చుకుంటే నిలవవండి. గది పేరుకి అక్కడొచ్చే ఇబ్బందిని కలిపి పలకండి. "ఛూఫాంగ్ లౌ ష్వెయ్", వంటగదిలో నీళ్లు కారుతున్నాయి. "ఖుంగ్‌థియావ్ హ్వాయ్ ల", ఏసీ పాడైంది. ఇలాంటివి చెప్పాల్సింది "ఊయే" వాళ్లకి, అంటే అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ ఆఫీసుకి. నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన మాట అదే.

దాలియన్ డాక్టర్:
పద్మక్క చెప్పింది నిజం. ఒక్కటి కలుపుతాను. పిన్యిన్‌లో, అంటే చైనీస్‌ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతిలో, "టి" అని రాసింది మన థ, "డి" అని రాసింది మన త. లిఫ్ట్‌ని "తియెన్‌థి" అనండి, రెండూ అందులోనే ఉన్నాయి. వత్తులు మనకి అలవాటే కాబట్టి కష్టం కాదు. కష్టమంతా స్వరంతోనే. "ఛువాంగ్" ఎత్తులో సమంగా సాగదీస్తే కిటికీ, కింది నుంచి పైకి లేపితే మంచం. అందుకే కిటికీని "ఛువాంగ్‌హు" అని పూర్తిగా అనండి.

బెజవాడ సుధ:
ఇద్దరికీ చాలా థాంక్స్. అడ్వాన్స్ గురించి ఏమని అడుగుతారు?

సుజౌ పద్మ:
"యా యి ఫు సాన్" అంటే ఒక నెల డిపాజిట్, మూడు నెలల అద్దె ముందే కట్టాలి. ఇంటి ఓనర్ని "ఫాంగ్‌తుంగ్" అంటారు. డబ్బు కట్టేముందు కుళాయిలన్నీ తిప్పి చూడండి.