14 కేటీ వీడియోలు ఉన్నాయి, కావాల్సిన ముక్క దొరకదు: ప్రాజెక్టు నోట్స్ టెర్మినల్‌లో ఎలా పెట్టుకుంటున్నారు?

నాగోల్ బ్లూలైన్ ప్రశ్న:

మాది మాదాపూర్‌లో చిన్న కంపెనీ, ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. టీమ్‌లో ఆరుగురం. ప్రాజెక్టుని ఆరేళ్లు మోసిన సీనియర్ అన్న ఏప్రిల్‌లో పేపర్లు వేశాడు. వెళ్లేలోపు 14 కేటీ సెషన్లు (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే తనకి తెలిసింది మాకు అప్పజెప్పడం) ఇచ్చాడు. అన్నీ రికార్డు చేసి ఒక ఫోల్డర్‌లో పడేసి, ఇక టెన్షన్ లేదనుకున్నాం.

పోయిన శనివారం రాత్రి పదకొండున్నరకి రీఫండ్ జాబ్ ఆగిపోయింది. మళ్లీ నడిపే ముందు డేటాబేస్‌లోని లాక్ టేబుల్‌లో ఏదో ఒక రో డిలీట్ చెయ్యాలని ఆయన చెప్పినట్టు లీలగా గుర్తు. ఏ వీడియోలో? ఒక్కోటి గంటన్నర. రెట్టింపు స్పీడ్‌లో పెట్టుకుని, మధ్యమధ్యలో దాటేస్తూ వెతికితే ఏడో దాంట్లో 52వ నిమిషం దగ్గర దొరికింది. అప్పటికి రెండు దాటింది. మా అమ్మ మంచినీళ్లకి లేచి, "పని చేస్తున్నావనుకున్నా, వీడియోలు చూస్తున్నావా" అని వెళ్లి పడుకుంది.

ఆదివారం కూర్చుని రెపోలోనే (కోడ్ ఉండే గిట్ ఫోల్డర్) డాక్స్ అనే ఫోల్డర్ పెట్టి, తెలిసినవన్నీ మార్క్‌డౌన్‌లో, అంటే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా రాశాను. 23 ఫైళ్లయ్యాయి. రిప్‌గ్రెప్‌తో (ఫైళ్లలో మాట వెతికే టూల్) వెతికి, వచ్చిన జాబితాలోంచి ఎఫ్‌జెడ్‌ఎఫ్ అనే టూల్‌తో ఎంచుకుని తెరుస్తున్నాను. బ్రౌజర్‌లో వికీ ఇదివరకే ఉంది. అందులో చివరి మార్పు 2021లో జరిగింది, దాని ఊసు ఎత్తకండి.

ఇప్పుడు నా గోల. ఆసుపత్రి కౌంటర్ వాళ్లు ఫోన్లో తెలుగులోనే చెప్తారు కాబట్టి సగం నోట్స్ తెలుగులో రాశాను, కొన్ని ఫైళ్ల పేర్లూ తెలుగే. ఏ ఫైళ్లు మారాయో చూద్దామని గిట్ స్టేటస్ కొడితే పేరు రాదు, బ్యాక్‌స్లాష్‌లతో 340, 260, 225 అంటూ అంకెల వాన. "సాఫ్ట్‌వేర్" అని వెతికితే నేనే రాసిన ఫైలు దొరకదు, తెరిచి చూస్తే ఆ మాట కళ్లముందే ఉంటుంది. లోకల్ అనే ఫోల్డర్‌లో పెట్టిన నోట్స్ అయితే ఒక్కటీ రావట్లేదు. టూల్ మార్చాలా? తెలుగులో రాయడమే తప్పా?

కాన్ఫిగ్ బాబాయ్:

తమ్ముడూ, లోకల్ ఫోల్డర్ పేరు గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడనివాటి జాబితా) ఉందేమో చూడు. రిప్‌గ్రెప్ మామూలుగా గిట్‌ఇగ్నోర్‌లో ఉన్నవాటినీ, చుక్కతో మొదలయ్యే ఫైళ్లనీ వదిలేస్తుంది. హైఫన్ యు ఇస్తే ఇగ్నోర్ చేసినవాటిలోనూ వెతుకుతుంది. పాత గ్రెప్‌కి ఈ తెలివితేటలు లేవు, 1973 నాటి మనిషి, చూపించింది చూస్తాడు.

అసలు భయపడాల్సింది వేరే. అది గిట్‌ఇగ్నోర్‌లో ఉంటే ఆ నోట్స్ గిట్‌లోకే వెళ్లలేదు. నీ లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. వాటి పక్కన ఆ 14 వీడియోలే నయం.

రాత్రి షిఫ్ట్ అక్క:

తెలుగులో రాయడం తప్పేం కాదు. ఆ అంకెలు నీ ఫైలు పేరే. తెలుగు అక్షరం యూటీఎఫ్ 8లో మూడు బైట్లు తీసుకుంటుంది, గిట్ వాటిని ఆక్టల్ అంకెల్లో (0 నుంచి 7 వరకే వాడే లెక్క) చూపిస్తోంది. నువ్వు చెప్పిన 340, 260, 225 కలిపితే "క". గిట్ కాన్ఫిగ్‌లో కోర్ డాట్ కోట్‌పాత్‌ని ఫాల్స్ చెయ్యి, పేర్లు పేర్లుగానే వస్తాయి.

"సాఫ్ట్‌వేర్" దొరకకపోవడం వెనక కంటికి కనపడని అక్షరం ఉంది. ట కింద వావత్తు పడకుండా కీబోర్డులో మధ్యలో ఒకటి వేస్తాం, యూనికోడ్‌లో 200సి. నువ్వు ఒకచోట అది వేసి ఒకచోట వెయ్యకుండా "సాఫ్ట్వేర్" అని కొట్టుంటావు. మనం రెండూ ఒకలాగే చదువుతాం, మిషన్‌కి రెండూ వేరు. వెతికేటప్పుడు "సాఫ్ట్" తర్వాత చుక్క, ప్రశ్న గుర్తు, ఆ తర్వాత "వేర్" అని ఇవ్వు, మధ్యలో ఒక అక్షరం ఉన్నా లేకపోయినా సరే అని దానర్థం. రెండూ దొరుకుతాయి. నేను దీని మీద ఒక సాయంత్రం తగలేశాను, అందుకే ఇంత నమ్మకంగా చెప్తున్నా.

ఇక టూల్ మార్చాలా అన్నావు. ఏ టూల్ అయినా రాసిన మాటే వెతుకుతుంది, రాసినవాడి మనసులో మాట కాదు. నీ రీఫండ్ నోట్ మొదటి లైన్ ఏంటి? "లాక్ టేబుల్ నిర్వహణ" లాంటిదేగా? రాత్రి పదకొండున్నరకి ఆ మాట ఎవరు కొడతారు? లాగ్‌లో వచ్చే ఎర్రర్ లైను ఒక్క అక్షరం మార్చకుండా పైన అతికించు. దాని కింద కౌంటర్ వాళ్లు ఫోన్లో అన్న మాట పెట్టు. కారణాలు, చరిత్ర అడుగున ఎక్కడో ఉంటే చాలు.

"ఇలా ఎందుకు కట్టారు" అనే నోట్స్‌కి మాత్రం వేరే ఫోల్డర్ పెట్టుకో. మైకేల్ నైగార్డ్ 2011లో చెప్పిన పద్ధతి, ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్) అంటారు: ఒక్కో నిర్ణయానికి ఒక చిన్న ఫైలు, వరస నంబరు. ఏడీఆర్ టూల్స్ అని కమాండ్ ఉంది. 9వ నిర్ణయం మారితే దాన్ని చెరపరు. ఏడీఆర్ న్యూ, హైఫన్ ఎస్, 9 అని కొట్టి కొత్త పేరు ఇస్తే కొత్త ఫైలు తయారై, పాతదాంట్లో "దీని బదులు ఫలానాది చూడండి" అన్న లింకు పడుతుంది. మీ సీనియర్ వెళ్లిపోయినా ఆయన ఆలోచన ఇలా అయితే మిగిలేది.

టెస్టింగ్ టేబుల్:

ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ అన్నారు కాబట్టి ఒక మాటండి. నోట్స్‌లో ఎర్రర్ అతికించేటప్పుడు పేషెంట్ పేరు, ఫోన్ నంబరు దాంతోపాటు వచ్చేస్తాయి. కమిట్ అయ్యాక (గిట్‌లో నమోదయ్యాక) ఫైలు డిలీట్ చేసినా హిస్టరీలో అలాగే ఉంటాయి. వాటిని తీయడానికి గిట్ ఫిల్టర్ రెపో నడపాలి, తర్వాత టీమ్ అంతా రెపోని మళ్లీ క్లోన్ (కొత్తగా కాపీ) చేసుకోవాలి. మా దగ్గర ఒకసారి జరిగింది, రెండు రోజులు పోయాయి.

ఇంకా, నాలాంటి టెస్టర్లకి టెర్మినల్ అలవాటు ఉండదు. ఎంకేడాక్స్ అనే టూల్‌తో అవే ఫైళ్లని బ్రౌజర్‌లో పేజీలుగా చూపిస్తే మేమూ చదువుతాం. బిల్డ్‌కి స్ట్రిక్ట్ అని తగిలిస్తే, నోట్స్ మధ్య లింకు తెగినప్పుడు బిల్డే ఆగిపోతుంది.

నాగోల్ బ్లూలైన్:

బాబాయ్, నువ్వన్నదే నిజం. లోకల్ గిట్‌ఇగ్నోర్‌లో ఉంది, పెట్టింది నేనే. నాలుగు నోట్స్ ఇప్పుడు గిట్‌లో ఉన్నాయి. అంతకుముందు అక్షరం అక్షరం చూశాను, ఒకదాంట్లో పేషెంట్ ఫోన్ నంబరు ఉండనే ఉంది. థాంక్సండి టెస్టింగ్ గారూ. ఎంకేడాక్స్ వచ్చే వారం.

అక్కా, కోట్‌పాత్ పనిచేసింది. నువ్వు మొదటి లైన్ గురించి అన్నది నమ్మబుద్ధి కాలేదు. మూడు వారాల క్రితం చేరిన ఫ్రెషర్‌ని కూర్చోబెట్టి, "రీఫండ్ జాబ్ ఆగింది, ఏం చెయ్యాలో నోట్స్‌లో వెతుకు" అని ఫోన్లో టైమ్ చూసుకున్నాను. ఆమె "రీఫండ్ రాలేదు" అని కొట్టింది. ఏమీ రాలేదు. "డబ్బులు పడలేదు" అని కొట్టింది. ఏమీ రాలేదు. ఆరు నిమిషాలకి నా వైపు తిరిగి "అన్నా, ఫైలు పేరు చెప్పండి" అంది. నా నోట్ తలకట్టు "స్టేల్ లాక్ క్లీనప్". నేను తప్ప ఎవరూ ఆ మాట వాడరు.

ఇవాళ మెట్రోలో కూర్చుని (నాగోల్‌లోనే ఎక్కుతాను కాబట్టి సీటు దొరుకుతుంది) రాయదుర్గం వచ్చేలోపు ఐదు నోట్స్ మొదటి లైన్లు మార్చాను. ఆమె కొట్టిన రెండు మాటలూ అందులో పెట్టాను. మిగతావి ఆమెతోనే రాయిద్దామనుకుంటున్నా. ఆమెకి అర్థం కానిది ఎక్కడుందో నాకు కనపడదు కదా.