కాలనీ వీధుల్లో టిప్పర్ల రాకపోకలు: వినతిపత్రం ఎవరికి, ఏమని రాయాలి?

పడమటి శివారు నివాసి, హైదరాబాద్:
మా కాలనీని ఆనుకొని ఎత్తయిన భవనాలు లేస్తున్నాయి. సెల్లార్ తవ్వకాల్లో వచ్చే మట్టినీ బండలనూ నింపుకున్న టిప్పర్లు, పగటిపూట నగరంలో భారీ వాహనాలపై ఆంక్షలు ఉన్నందువల్ల, రాత్రి పది దాటాక మా వీధి గుండా పెద్ద రోడ్డెక్కుతున్నాయి. మ్యాన్‌హోల్ మూతలు పగిలాయి, సిమెంటు రోడ్డు బీటలు వారింది. సంక్షేమ సంఘం తరఫున పురపాలక కార్యాలయంలో వినతిపత్రం ఇస్తే ట్రాఫిక్ పోలీసులను కలవమన్నారు. వారిని కలిస్తే రోడ్డు పురపాలక సంఘానిదే కదా అన్నారు. ఇటువంటి ఇబ్బందిని ఎదుర్కొన్నవారు తాము ఏమని కోరారో దయచేసి తెలియజేయగలరు.

లంక గ్రామస్థుడు, కోనసీమ:
మాకు ఇసుక లారీలతో ఇదే బాధ. 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత ఇసుక విధానం వచ్చినా రవాణా ఖర్చు కొనేవారిదే గనుక, నదిలో ఇసుకను లారీలకెత్తే ర్యాంపు నుంచి దగ్గరి దారి ఏదైతే లారీ ఆ దారినే పడుతుంది. లారీలను ఊళ్లోకి రానివ్వకూడదని పంచాయతీ చేత తీర్మానం చేయించాము గానీ, దానివల్ల ఒక్క లారీ కూడా ఆగలేదు. కాలువ గట్టు రోడ్డు జలవనరుల శాఖది, ఊరి వీధి పంచాయతీది, ఆపైన వచ్చే రోడ్డు ఆర్ అండ్ బీది. ఏ ముక్క ఎవరిదో ఒక పటం మీద గుర్తించి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చిన తరువాతే మా అర్జీ కదిలింది. బడి వేళల్లో లారీలు నడపకూడదనీ, ఖాళీ లారీలు ఊరి వెలుపలి దారిన తిరిగి రావాలనీ ఒప్పందం కుదిరింది. పూర్తిగా అమలవుతున్నదని చెప్పను. పొద్దున పిల్లలు రోడ్డు దాటే వేళ మాత్రం ప్రశాంతంగా ఉంటున్నది.

న్యాయవాది, కూకట్‌పల్లి:
మొదట అడిగినవారికి నా సమాధానం ఇది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 115వ సెక్షన్ ప్రకారం ప్రజల భద్రత, సౌకర్యం దృష్ట్యా గానీ, రోడ్డు లేదా వంతెన స్వభావాన్ని బట్టి గానీ, ఒక రోడ్డుపై ఒక తరగతి వాహనాలను నిషేధించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థకూ ఉంది. ఆంక్ష నెలకు మించి కొనసాగాలంటే గెజిట్ ప్రకటన తప్పనిసరి. నెలలోపు అయితే స్థానికంగా ప్రచారం చేస్తే సరిపోతుంది. అందుచేత ముందుగా ఒక నెలపాటు ప్రయోగాత్మక ఆంక్షను కోరండి, అధికారులకు సరేననడం తేలిక. మీ ప్రాంతంలో ఈ అధికారం ఎవరికి ఇచ్చారో సమాచార హక్కు దరఖాస్తుతో అడగండి. ముప్పై రోజుల్లో లిఖితపూర్వకంగా వచ్చే జవాబు చేతిలో ఉంటే, ఒక కార్యాలయం మిమ్మల్ని మరొక కార్యాలయానికి పంపడం అంత సులభం కాదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నివాస ప్రాంతాల్లో అత్యవసరమైతే తప్ప హారన్ మోగించరాదన్న శబ్ద కాలుష్య నియమాన్ని కూడా అర్జీలో చేర్చండి.

విశ్రాంత ఇంజినీరు, వరంగల్:
రోడ్డు గురించి ఒక మాట. అమెరికాలో 1958–60 మధ్య జరిపిన ప్రయోగాల నుంచి ఇంజినీర్లు గ్రహించిన సూత్రం ప్రకారం, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు కలిగే నష్టం సుమారు పదహారు రెట్లవుతుంది. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. ఆ లెక్కన చట్టబద్ధమైన లోడుతోనే రోడ్డు అరుగుదల దాదాపు అరవై శాతం పెరిగినట్లు. ఆరు ఘనపు మీటర్ల రెడీమిక్స్ లారీలో కాంక్రీటు ఒక్కటే పద్నాలుగు, పదిహేను టన్నులు తూగుతుంది. కాలనీ రోడ్లను ఇంత బరువు కోసం వేయరు. మీరు అర్జీలో నిద్రాభంగం గురించి రాస్తే సానుభూతి దొరుకుతుంది, రోడ్డు మరమ్మతు ఖర్చు గురించి రాస్తే ఫైలు కదులుతుంది.

లారీ యజమాని, విజయవాడ:
మా వైపు మాట కూడా వినండి. టిప్పర్ డ్రైవర్లలో చాలామందికి ట్రిప్పు లెక్కన డబ్బు ఇస్తారు. చుట్టు తిరిగితే ఆ రాత్రి ఒక ట్రిప్పు పోయినట్టే. డ్రైవర్‌తో వీధిలో గొడవ పడటం కన్నా, ఏ దారిన వెళ్లాలో నిర్మాణ సంస్థ చేతనే రాతపూర్వకంగా చెప్పించండి. ఓవర్‌లోడుకు 2019 సవరణ ప్రకారం జరిమానా ఇరవై వేలు, అదనపు టన్నుకు మరో రెండు వేలు. కాంటా వేయించమని అడిగితే చాలు, యజమానులే దారి మారుస్తారు.

పడమటి శివారు నివాసి, హైదరాబాద్:
అందరికీ కృతజ్ఞతలు. వీధి మొదట్లో ఎత్తు నియంత్రణ కమాను కట్టించాలని మా సంఘంలో కొందరు పట్టుబడుతున్నారు. అది మంచిదేనా?

విశ్రాంత ఇంజినీరు, వరంగల్:
వద్దండి. అగ్నిమాపక వాహనం, చెత్త లారీ, నీళ్ల ట్యాంకరు కూడా అక్కడే ఆగిపోతాయి. పైగా అనుమతి లేకుండా కడితే మీ సంఘానికే నోటీసు వస్తుంది. మీ వీధిలో పనిలేని భారీ వాహనాలు అటుగా దాటిపోకూడదని మాత్రమే కోరండి, వీధిలోని ఇళ్లకు సరకు తెచ్చేవాటిని మినహాయించండి. ప్రత్యామ్నాయ దారిని కూడా పటంలో చూపండి. అది పక్క కాలనీ గుండా పోయేది కాకుండా చూసుకోండి, లేకపోతే మరుసటి వారం వారూ ఇదే అర్జీ పట్టుకొని వస్తారు.